వృద్ధాశ్రమంలో అమ్మకు బాగోలేదని ముందే తెలుస్తుందా? ఏ పరికరం పనికొస్తుంది, ఎవరికి ఫోన్ చేయాలి?

మీరు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, కువైట్‌లోనో ఉద్యోగంలో ఉన్నారు. అమ్మ రాజమహేంద్రవరం దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఉంది. ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్. ‘‘సాయంత్రం దాకా బాగానే ఉన్నారండీ. ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది, మనిషి సరిగా పలకడం లేదు. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం.’’

ఆ ‘ఉన్నట్టుండి’ అన్న మాట దగ్గరే ఈ కథనం మొదలవుతుంది. గుండెపోటు, పక్షవాతం లాంటివి నిజంగానే హఠాత్తుగా వస్తాయి. కానీ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గిపోవడం, గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టడం వంటివి అలా రావు. కొన్ని గంటల ముందో, ఒకట్రెండు రోజుల ముందో ఒళ్లు సూచనలు ఇస్తుంది. వాటిని చూసేవాళ్లు ఉన్నారా, చూసింది రాస్తున్నారా, రాసింది ఎవరికైనా చేరుతోందా అన్నవే ప్రశ్నలు. ఇందుకు ఇప్పుడు యాప్‌లు, సెన్సర్లు, పరుపు కింద పెట్టే షీట్లు వచ్చాయి. వాటిలో మీ అమ్మకు నిజంగా పనికొచ్చేవి ఏవో చూద్దాం.

గోదావరి జిల్లాల్లో ఇది ఎందుకు ముఖ్యం?

కేంద్ర ప్రభుత్వ అంచనాల ప్రకారం 2021 నాటికే ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 12.4 శాతం. దేశ సగటు 10.1 శాతమే. కోనసీమ, పశ్చిమ గోదావరి పల్లెల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక ఇంట్లో పిల్లలు అమెరికాలో ఉంటే, పక్కింటి కోడలు గల్ఫ్‌లో ఉంటుంది. ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లే. రాజమహేంద్రవరంలో గౌతమీ జీవకారుణ్య సంఘం లాంటి పాత సంస్థల నుంచి, ఈమధ్య ఇళ్లనే అద్దెకు తీసుకుని పెడుతున్న ప్రైవేటు హోమ్‌ల వరకు ఆశ్రమాలు రకరకాలు. ఎక్కువ చోట్ల ఇరవై నాలుగు గంటలూ నర్సు ఉండరు. ఉండేది ఆయా, వంటమనిషి, ఒక మేనేజర్.

దూరం ఇంకో సమస్య. అమలాపురం నుంచి రాజమహేంద్రవరం వెళ్లినా, కాకినాడ వెళ్లినా సుమారు 60 కిలోమీటర్లు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ దాటాలంటే పంటు ఎక్కాలి, లేదంటే చుట్టూ తిరిగి రావాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల నుంచి పడవ మీద తప్ప బయటికి రాలేని పరిస్థితి. ఇలాంటి చోట నాలుగు గంటలు ముందు తెలిస్తే దాని విలువ వేరు.

చట్టం ఏం చెబుతోంది?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం ప్రతి జిల్లాలో కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. ఆశ్రమాల్లో వైద్య సదుపాయం ఏ స్థాయిలో ఉండాలో రాష్ట్రాలు నిర్ణయించవచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది. అయితే రోజూ ఫలానా పరీక్షలు చేసి రాయాలి అన్న మాట చట్టంలో లేదు. ప్రైవేటు హోమ్‌లకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెట్టాలంటూ సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది కానీ చట్టం కాలేదు. కాబట్టి అడగాల్సింది మీరే.

ముందు మనిషి కన్ను, తర్వాతే మిషన్

పెద్ద వయసులో జబ్బు పుస్తకంలో రాసినట్టు రాదు. ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. దగ్గు లేకుండానే న్యుమోనియా ఉండొచ్చు. మొదట కనిపించేది చాలాసార్లు చిన్న మార్పే. రోజూ పొద్దున్నే పేపర్ అడిగే తాతగారు ఇవాళ అడగలేదు. రెండు పూటలా కాఫీ కావాలనే మామ్మగారు గ్లాసు పక్కన పెట్టేశారు. నిన్నటిదాకా తనే బాత్‌రూమ్‌కి వెళ్లినావిడ ఇవాళ చెయ్యి పట్టుకోమంటోంది. మధ్యాహ్నం పూట ‘మా అన్నయ్య వచ్చాడా?’ అని ఎప్పుడో పోయిన మనిషిని అడుగుతోంది.

ఈ చివరిదాన్ని ‘వయసు వచ్చింది కదా, చాదస్తం’ అని కొట్టిపారేయడం మన దగ్గర మామూలు. డాక్టర్లు మాత్రం దీన్ని గట్టిగా పట్టించుకోమంటారు. నిన్న లేని అయోమయం ఇవాళ కొత్తగా వస్తే అది మతిమరుపు కాదు. ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షనో, షుగర్ పడిపోవడమో, ఆక్సిజన్ తగ్గడమో, సోడియం తేడానో ఉండొచ్చని గుర్తు.

అమెరికా నర్సింగ్ హోమ్‌లలో ఇలాంటి మార్పులనే ఒక చిన్న కార్డు మీదికి ఎక్కించారు. దాని పేరు ‘స్టాప్ అండ్ వాచ్’. మాట తగ్గిందా, తిండి తగ్గిందా, నీళ్లు తాగడం తగ్గిందా, బరువు మారిందా, చిరాకు పెరిగిందా, నడవడానికి ఎక్కువ సాయం కావాల్సి వస్తోందా వంటి పన్నెండు గుర్తులు. ఆయా అయినా, వంటమనిషి అయినా, ఊడ్చే మనిషి అయినా సరే, తేడా కనిపిస్తే టిక్ పెట్టి నర్సుకు ఇవ్వాలి. దీనికి చదువు పెద్దగా అక్కర్లేదు. తెలుగులో రాసి గోడకు అంటించుకోవచ్చు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గానూ పంపొచ్చు.

న్యూస్-2 స్కోరు అంటే?

పేరు ‘న్యూస్’ అయినా మా వార్తలతో సంబంధం లేదు. నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్ అన్నదానికి పొట్టి పేరు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2012లో తెచ్చింది. 2017లో సవరించిన రూపమే న్యూస్-2. అక్కడి ఆస్పత్రులు, అంబులెన్సుల కోసం పుట్టింది, తర్వాత కేర్ హోమ్‌లకూ వెళ్లింది. చిన్న మార్పులు గమనించడం, కొలతలు తీయడం, సరైన మనిషికి చెప్పడం అనే మూడింటినీ కలిపి ఇంగ్లండ్‌లో ‘రిస్టోర్-2’ అనే పద్ధతి తయారు చేశారు. కొన్ని హోమ్‌లలో కొలతలు ట్యాబ్‌లో కొడితే స్కోరు దానంతటదే వస్తుంది.

చూసేవి ఇవి: నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిందా, పై బీపీ, నాడి, స్పృహ, శరీర ఉష్ణోగ్రత. మామూలుగా ఉంటే సున్నా. తేడా పెరిగేకొద్దీ ఒకటి, రెండు, మూడు మార్కులు. ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే సంతోషించకూడదు, అంతే తేడా.

ఒక ఉదాహరణ చూడండి. ఒక 78 ఏళ్ల మామ్మగారికి పొద్దున్న కొలతలు తీశారు అనుకుందాం. ఊపిరి నిమిషానికి 22, దీనికి రెండు మార్కులు. ఆక్సిజన్ 94, ఒక మార్కు. నాడి 104, ఒకటి. పై బీపీ 108, ఒకటి. ఉష్ణోగ్రత 99.3 ఫారెన్‌హీట్, దీనికి సున్నా. మాట్లాడుతున్నారు, గుర్తుపడుతున్నారు, సున్నా. విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టే అంకె కాదు. ‘జ్వరం లేదు, ఆక్సిజన్ 94 ఉంది, బాగానే ఉన్నారు’ అని ఎవరైనా అనేస్తారు. కూడితే ఐదు. ఐదు వచ్చిందంటే డాక్టర్ వెంటనే చూడాలని ఆ పద్ధతి చెబుతుంది. మధ్యాహ్నానికి కొత్తగా అయోమయం కూడా మొదలైతే దానికి మూడు మార్కులు కలిసి ఎనిమిది అవుతుంది. ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అత్యవసరమే. ఏ ఒక్క అంశంలోనైనా మూడు మార్కులు వచ్చినా డాక్టర్‌కు చెప్పాల్సిందే.

ఈ ఉదాహరణలో మొత్తాన్ని ఎక్కువ లాగింది ఊపిరి లెక్క. సరిగ్గా అదే మన దగ్గర ఎవరూ లెక్కపెట్టరు. ఆస్పత్రి కేస్ షీట్లలో కూడా చాలాసార్లు 18, 20 అని అంచనాగా రాసేస్తారు. దీనికి మిషన్ కూడా కొనక్కర్లేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, పెద్దావిడకు చెప్పకుండా, ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తోందో పూర్తి నిమిషం చూడాలి. చెబితే ఊపిరి తీసే తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని లెక్కపెట్టడం నర్సుల పాత చిట్కా.

అంకె మోసం చేసే సందర్భాలు

మీ నాన్నకు ఎప్పుడూ పై బీపీ 160 ఉంటుంది అనుకోండి. ఇవాళ 115. స్కోరు ప్రకారం సున్నా, అంటే అంతా బాగుంది. కానీ ఆయన వరకు అది పెద్ద పతనం. అలాగే అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా నాడి పెద్దగా పెరగకపోవచ్చు. ఏళ్ల తరబడి పొగతాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్న కొందరికి ఆక్సిజన్ 90 దగ్గర ఉండటమే మామూలు. న్యూస్-2లో అలాంటివారికి వేరే కొలమానం ఉంది, అది వాడాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి.

అందుకే ఆశ్రమంలో చేర్చిన మొదటి వారంలోనే, మనిషి బాగున్నప్పుడు, మూడు నాలుగు రోజుల కొలతలు రాసి పెట్టించండి. ‘ఈమెకు మామూలు ఇది’ అన్న కాగితం లేకపోతే తర్వాత తీసే అంకెలకు సగం అర్థం పోతుంది.

పల్స్ ఆక్సీమీటర్ గురించి ఒక సంగతి. కొవిడ్ తర్వాత ఇంటింటా ఉన్న పరికరమిది. ముదురు చర్మం ఉన్నవారిలో ఇది అసలుకంటే ఎక్కువ చూపించవచ్చు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020 డిసెంబరులో ప్రచురించిన పరిశీలనలో, మిషన్ మీద ఆక్సిజన్ బాగానే కనిపించినా రక్త పరీక్షలో తక్కువ తేలినవి నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అక్కడి ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది. మన రంగులకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. 94 చూపిస్తున్నా ఆయాసం కనిపిస్తుంటే మనిషినే నమ్మండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టి పెట్టాలి. గోళ్ల రంగు ఉన్న వేలు, గోరింటాకు ముదురుగా పండిన వేలు వదిలి మరో వేలికి పెట్టడం మేలు.

షుగర్ న్యూస్-2లో లేదు. మన జిల్లాల్లో ఇది పెద్ద లోటే. మాత్ర వేసుకుని అన్నం తినని రోజున షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తిక్కమాటలు మొదలైతే ముందు షుగర్ మిషన్‌తో చూడాలి. 70 కంటే తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉంటేనే చక్కెర నీళ్లు ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

బరువు కూడా చూడాలి. గుండె జబ్బు ఉన్నవారి బరువు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిన్నది ఒంటబట్టడం కాదు, నీరు చేరడం. బరువు తూచే మిషన్ ఖరీదు తక్కువే, వాడే ఆశ్రమాలే తక్కువ.

మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఛాతీ నొప్పి వంటివి కనిపిస్తే స్కోరు లెక్కలేమీ వద్దు. నేరుగా 108. పక్షవాతంలో రక్తం గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. అదీ ఆస్పత్రికి చేరి స్కాన్ అయ్యాకే ఇస్తారు.

పరుపు కింద సెన్సర్లు, చేతికి వాచీలు

బెంగళూరుకు చెందిన డోజీ అనే సంస్థ తయారుచేసే షీట్ పరుపు కింద ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడు, ఊపిరి తీసినప్పుడు ఒంట్లో పుట్టే సన్నటి కదలికలను పట్టుకుని నాడి, ఊపిరి లెక్కగడుతుంది. ఒంటికి ఏదీ తగిలించనక్కర్లేదు. ఆస్పత్రుల్లో వాడుతున్నారు. ఎవరూ లెక్కపెట్టని ఊపిరిని రాత్రంతా లెక్కపెట్టడం దీని గొప్ప. అయితే మంచం మీద ఉన్నంతసేపే పని చేస్తుంది. వరండాలో కుర్చీలో కూర్చుంటే తెలియదు. కరెంటు, ఇంటర్నెట్ ఉండాలి. తుపాను రాత్రి ఆ రెండూ ఉంటాయో లేదో డెల్టాలో ఉన్నవాళ్లకు తెలుసు.

పడిపోతే గుర్తించే స్మార్ట్‌వాచీలూ వచ్చాయి. రోజూ చార్జింగ్ పెట్టి, స్నానం తర్వాత మళ్లీ గుర్తుగా కట్టేవాళ్లు ఉంటే ఉపయోగమే. ఆసరాగా ఉంచుకోండి, వాచీ చూపించే ఆక్సిజన్ అంకెను నమ్మి మందులు మార్చకండి.

అసలు అడగాల్సింది ఒక్కటే. రాత్రి రెండింటికి అలారం మోగితే లేచేది ఎవరు? లేచిన మనిషికి ఏం చేయాలో తెలుసా? రోజుకు పదిసార్లు ఊరికే మోగే అలారాన్ని పదకొండోసారి ఎవరూ పట్టించుకోరు. ఆ జవాబు లేని చోట నెలనెలా సెన్సర్ చార్జీ కట్టడం దండగ. డిజిటల్ బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, థర్మామీటర్, షుగర్ మిషన్ నాలుగూ కలిపి నాలుగైదు వేల రూపాయల్లో వస్తాయి. ముందు వాటిని సరిగ్గా వాడేలా చూసుకోండి.

రిజిస్టర్ అడిగి చూడండి

డెల్టాలోనే ఒక ఆశ్రమంలో ఉండే మా దూరపు బంధువును చూడటానికి వెళ్లినప్పుడు బీపీ రిజిస్టర్ అడిగాను. నెల మొత్తం, ప్రతి రోజూ, ఆ గదిలో ఉన్న నలుగురికీ 120/80. బడిలో హాజరు వేసినట్టు వేశారు. అబద్ధం రాయాలని కాదు, రాసింది ఎవరైనా చూస్తారన్న నమ్మకం అక్కడ ఎవరికీ లేదు. నిజమైన కొలతలు రోజూ కాస్త అటూ ఇటూ ఊగుతాయి. ఊగని రిజిస్టర్‌ను నమ్మొద్దు.

ఆ రిజిస్టర్ పేజీని ఫొటో తీసి వారానికోసారి మీకు పంపమని అడగవచ్చు. అందరి వివరాలూ ఉన్న పేజీని పెద్ద వాట్సాప్ గ్రూపులో పెట్టించకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచినా, మీ అమ్మ విరేచనాల లెక్క నలభై మందికి తెలియడం ఆవిడకు ఇష్టముండదు. గదిలో కెమెరా పెట్టించే ముందు కూడా ఆవిడనే అడగండి.

చేర్చేటప్పుడు నిర్వాహకులతో ఇవి తేల్చుకోండి: రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, ఎన్ని మార్కులకు డాక్టర్‌కు ఫోన్ చేస్తారు, ఆ డాక్టర్ ఎవరు, మీరు ఫోన్ ఎత్తకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లే నిర్ణయం ఎవరిది. ఈ ఆఖరిది రాతలో ఉండాలి. ‘వాళ్ల అబ్బాయితో మాట్లాడి చూద్దాం’ అంటూ పోయే గంటలు ఎక్కువ. అమెరికాలో మీకు పగలైతే ఇక్కడ రాత్రి, మీటింగ్‌లో ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది.

ప్రభుత్వ సేవల్లో పనికొచ్చేవి

చాలా చోట్ల మొదట వచ్చేది ఊళ్లో ఆర్‌ఎంపీ. సెలైన్ పెడతారు, మనిషి కాస్త తేరుకున్నట్టు కనిపిస్తారు, ఒక రోజు గడిచిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారికి సెలైన్ ఎక్కువైతే అదే ఆయాసం తెస్తుంది. దీని బదులు ఈ-సంజీవని ఉంది. 2019లో మొదలై, 2020 కొవిడ్ సమయంలో ఇంటి నుంచే డాక్టర్‌తో మాట్లాడే వీలు వచ్చింది. దీన్ని ఎక్కువగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. యాప్‌లో ఫోన్ నంబరు, ఓటీపీతో డాక్టర్‌ను సంప్రదించవచ్చు, లేదా గ్రామ ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది కలుపుతారు. పెద్దావిడ పక్కన ఉండగా ఆమె తరఫున కేర్‌టేకర్ మాట్లాడవచ్చని 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అప్పుడు ‘బాగోలేదండీ’ అనే కంటే ‘ఊపిరి 22, ఆక్సిజన్ 94, నాడి 104, నిన్నటి నుంచి తినడం లేదు’ అని చెబితే డాక్టర్ నిర్ణయం వేగంగా తీసుకుంటారు. ఇది అత్యవసర వైద్యానికి కాదు, ఐదు మార్కుల లోపు సందేహాలకు.

ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూసి యాప్‌లో ఎక్కించే ఎన్‌సీడీ సర్వేలో ఆశ్రమంలో ఉన్నవారి పేర్లు ఉన్నాయా అని సచివాలయంలో అడగండి. అమ్మ పేరు ఇంకా సొంత ఊళ్లోనే ఉండి, ఆవిడ ఇక్కడ ఉంటే రెండు చోట్లా జారిపోతుంది. 104 వాహనం ఆ ఊరికి ఏ రోజు వస్తుందో కూడా ఆ ఏఎన్‌ఎంకే తెలుస్తుంది. 14 అంకెల ఆభా నంబరు తీయించి ఉంటే పాత రిపోర్టులు ఒకచోట దొరకడం తేలిక. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు చికిత్స ఇచ్చేలా ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబరు 29న విస్తరించారు. ఆ కార్డు జబ్బు చేయకముందే తీయించి ఆశ్రమంలో ఒక కాపీ ఉంచండి. రాత్రిపూట క్యాజువాలిటీ ముందు నిలబడి ఆధార్ కోసం వెతికే పని తప్పుతుంది.

మే నెలలో మరింత జాగ్రత్త కావాలి. రాజమహేంద్రవరంలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. పెద్దవాళ్లకు దాహం తెలియదు. ఆ నెలలో కొలతలు రోజుకు రెండుసార్లు తీయించండి, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారో, మూత్రం ఎన్నిసార్లు వెళ్లారో కూడా రాయించండి. వరద హెచ్చరిక వస్తే లంక గ్రామాల్లోని ఆశ్రమాల వాళ్లు స్కోరు మూడు నాలుగు ఉన్నవారిని కూడా దారి ఉండగానే ఇవతలి ఒడ్డుకు తరలించడం మంచిది.

ఆశ్రమంలో సరిగా చూడటం లేదనిపించినా, వృద్ధులకు సంబంధించిన ఏ సమాచారం కావాలన్నా ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పని చేస్తుంది. ఆ తర్వాత మనిషికి బాగోలేకపోతే 108. అంబులెన్స్ వచ్చేలోపు మందుల చీటీ, ‘ఈమెకు మామూలు ఇది’ అన్న కాగితం, ఆఖరి రెండు రోజుల కొలతలు ఒక కవరులో పెట్టి చేతికివ్వమని ఇవాళే ఆశ్రమం వాళ్లకు చెప్పి ఉంచండి.